రెండు సమాధుల దగ్గర గోధుమలు

చనిపోయినవాళ్లను తలుచుకునే మృతుల శనివారం ఉదయం స్తోయ్నా ఉడికించిన గోధుమల గిన్నెతో కొడుకు సమాధి దగ్గరికి వచ్చింది. వెస్కో చనిపోయి ఆరేళ్లయింది. తాగి కారు నడిపాడు. పక్క సీట్లో ఉన్న జ్లాత్కా కూడా అతనితోపాటే చనిపోయింది. ఆమె సమాధి రెండు వరుసల అవతల ఉంది. అక్కడ ఆమె తండ్రి గెంచో తన గిన్నెతో నిలబడి ఉన్నాడు.

ఆ రోజు ఎవరి సమాధి దగ్గర వాళ్లుంటారు. వచ్చినవాళ్ల అరచేతిలో చెంచాడు గోధుమలు పెడతారు. తిన్నవాళ్లు చనిపోయినవాళ్ల కోసం "దేవుడు క్షమించుగాక" అంటారు. వెస్కో గోధుమలు ఊరంతా తిన్నారు. గెంచో తినలేదు. అతను ఆ మాట అనేదాకా తన కొడుక్కి రక్షణ లేదని స్తోయ్నా నమ్మకం.

"క్రీస్తు నీ కొడుకు కోసం కూడా ప్రాణం పెట్టాడమ్మా," అని చర్చి అయ్యగారు చాలాసార్లు చెప్పారు.

"ఆయన సంగతి నాకు తెలుసు అయ్యగారూ. గెంచో సంగతే తెలియడం లేదు," అనేది స్తోయ్నా.

ముందుగా పొరుగింటి పేంకా వచ్చింది. గోధుమలు తిని, "దేవుడు క్షమించుగాక," అంది. తర్వాత, "ఇంత చక్కెర పోశావేంటి వదినా? ఇది తిని నేనూ పోతే వచ్చే ఏటికి నా గోధుమలు కూడా నువ్వే ఉడకబెట్టాల్సొస్తుంది," అంది.

స్తోయ్నా నవ్వలేదు. గెంచో వైపే చూస్తోంది.

"చూస్తూ కూర్చుంటే వస్తాడా?"

"నిన్న బస్టాపులో ఎదురుపడ్డాడు. నన్ను చూడకుండా పోయాడు."

"నువ్వు చూశావా మరి?"

"ఏ మొహం పెట్టుకుని చూడను?"

పేంకా చెయ్యి తుడుచుకుంది. "పోయినేడు నన్నొకటి అడిగాడు. నీకు చెప్పకూడదని ఏడాదిగా నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసుగా."

"ఏమడిగాడు?"

"'నా కూతురి గోధుమలు ఊరంతా తిన్నారు. వెస్కో వాళ్లమ్మ ఒక్కసారైనా వచ్చిందా?' అని."

జ్లాత్కా సమాధి దగ్గరికి వెళ్లే హక్కు తనకు లేదని స్తోయ్నా ఇన్నాళ్లూ అనుకుంది. వెళ్లకపోవడమే మర్యాద అనుకుంది. గిన్నె పేంకా చేతికిచ్చి రెండు వరుసలు దాటింది.

గెంచో ఎదుట ఆగి ఆమె అరచెయ్యి చాచింది. అతను చెంచాతో గోధుమలు పెట్టాడు. కొన్ని గింజలు కింద పడ్డాయి. వంగి అవి కూడా ఏరుకుని తింది. మాట మాత్రం రాలేదు.

"అను," అన్నాడు గెంచో.

"నీ కూతుర్ని క్షమించడానికేముంది అన్నా? ఏం తప్పు చేసిందని?"

"ఆ రోజు వెళ్లొద్దంటే నన్ను తిట్టి వెళ్లింది. నేనూ తిట్టాను. అను."

"దేవుడు జ్లాత్కాను క్షమించుగాక."

గెంచో తలూపాడు. గిన్నె సమాధి మీద పెట్టి ఆమె వెనకే వెస్కో సమాధి దాకా నడిచాడు. పేంకా గిన్నె ఇచ్చి పక్కకు జరిగింది. స్తోయ్నా అతని చేతిలో గోధుమలు పెట్టింది. అతను తిన్నాడు. చాలాసేపు నమిలాడు. రాతి మీద వెస్కో పేరు చూశాడు.

"మింగాను స్తోయ్నా. మాట రావడం లేదు. ఇప్పుడంటే అబద్ధమవుతుంది."

"సరే అన్నా."

"వచ్చే ఏడు వస్తాను. అప్పుడూ మాట రాకపోతే ఆ పై ఏడు."

"నాకు డెబ్బై దాటాయి."

"నాకూ దాటాయి," అని గెంచో తన గిన్నె దగ్గరికి వెళ్లిపోయాడు.

స్తోయ్నా ఆ రోజంతా ఏడ్చింది.

సోమవారం బస్టాపులో గెంచో బెంచీ మీద ఉన్నాడు. పక్కన అతని సంచి ఉంది. స్తోయ్నా ఎప్పటిలాగే దూరంగా నిలబడింది. అతను సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె వచ్చి కూర్చుంది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే ఉన్నారు.