పన్నెండో నంబరు కప్పు

నేను ఒక చెంచాని. అన్నం తినే చెంచాని కాను, పంచదార కలిపే చెంచానీ కాను. టీ రుచి చూసే చెంచాని. పద్ధతి ప్రకారమైతే పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి గానీ, నాకు ముందుగా ఎప్పుడూ ఒక సంచే గుర్తొస్తుంది.

2004 నవంబరు, బుధవారం మధ్యాహ్నం, కాకినాడ. వరహాలమ్మ గారు మంచం మీద ఆకుపచ్చ రెక్సిన్ సంచి తెరిచి పెట్టుకుని భర్త ప్రయాణానికి సర్దుతున్నారు. ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా ఆవిడకి కంగారే. సర్దిన సంచిని మళ్లీ ఖాళీ చేసి సర్దితేగానీ కుదుటపడరు. రెండు జతల బట్టలు, కళ్లజోడు పెట్టె, గుండె మందులు. మందులు అడుగున ఉన్నాయని ఒకసారి, పైన ఉంటే పడిపోతాయని ఒకసారి చోటు మార్చారు. చివరికి నా వంతు వచ్చింది. నన్ను చుట్టే పాత గుడ్డ చిరిగిందని, ట్రంకు పెట్టె తెరిచి పట్టుచీరల మధ్య నుంచి ఒక కొత్త తువ్వాలు తీశారు. ఆ చీరల మడతల్లో పురుగు పట్టకుండా ఆవిడ కర్పూరం బిళ్లలు వేసి ఉంచుతారు. తువ్వాలు మెత్తగా, తెల్లగా, ఘాటుగా ఉంది. ఈ ఘాటు ఏమిటని అడగడానికి నాకు నోరు లేదు. ఆవిడ నన్ను పసిపిల్లలా చుట్టి సంచిలో పెట్టారు.

"మందులు పై అరలోనే పెట్టానండి. రైలు దిగ్గానే ఫోన్ చెయ్యండి," అన్నారు.

"దిగాకే కదా చేసేది," అన్నారు సోమలింగం గారు.

ఇప్పుడు నా పుట్టుక చెబుతాను. నాది జర్మన్ సిల్వరు ఒళ్లు. నన్ను చేసిన కంసాలి మామూలు చెంచా అచ్చులో పోసి, తర్వాత నా బొజ్జని మూడింతలు లోతు చేశాడు. ఎందుకని అడిగితే, టీ కంపెనీ దొరగారు ఒక్క గుక్క నిండుగా పట్టాలన్నారని చెప్పాడట. ఆ దొరగారు పేరుకే దొర, ఊరు పిఠాపురం. ఆయన రిటైరయ్యే రోజున నన్ను తన శిష్యుడు సోమలింగానికి ఇచ్చి, ఉల్లిపాయ మానేయమని మాత్రం చెప్పి వెళ్లిపోయారు.

ఆ శిష్యుడు ముప్ఫై ఒక్కేళ్లు ఆ మాట నిలబెట్టుకున్నారు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఇంగువ లేదు, వక్కపొడి లేదు. రుచి చూసే రోజు పొద్దున్న తలకి నూనె కూడా రాసుకోరు. వరహాలమ్మ గారు ఆ రోజుల్లో తలలో మల్లెపూలు పెట్టుకోవడం మానేశారు. భర్త నాలుకని ఆవిడ ఇంట్లో ఇంకో మనిషిలా చూసుకునేవారు. పాపం, ఆ నాలుక మాత్రం ఆవిడ చేసిన కూర బాగుందని ఎప్పుడూ చెప్పలేదు.

మనుషుల పనుల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఈ రుచి చూడటమే. ఇంట్లో జుర్రున చప్పుడు చేస్తూ టీ తాగితే చీవాట్లు పడతాయి. ఇక్కడ ఎంత గట్టిగా జుర్రితే అంత పండితుడు. గాలితో కలిసి టీ నోరంతా చిమ్మాలి, ఆవిరి ముక్కులోకి ఎక్కాలి. తర్వాత మింగకూడదు, పక్కనున్న ఇత్తడి తమ్మపడిగలో ఉమ్మేయాలి. తాగనందుకు గౌరవం దొరికే ఉద్యోగం ఇంకోటి నేనెరగను.

నాకు నాలుక లేదు. ప్రతి రుచీ ముందు నన్ను తాకాకే ఆయన నోట్లోకి వెళ్తుంది, అయినా ఏది ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందుకే ఆయన మొహం చదవడం నేర్చుకున్నాను. ఎడమ కనుబొమ వంగితే వగరు ఎక్కువైందని, రెండు కళ్లూ మూసుకుంటే ఆకు మంచిదని. అక్షరాలు కూడా అలాగే, అరల్లో డబ్బాల మీది కాగితాలు చూసి చూసి నాకు నేనే నేర్చుకున్నాను. నేను చదివిన మొదటి మాట 'ఏలకులు'.

విశాఖపట్నంలో ఆ ఏడాది కొండ ఉత్పత్తుల సహకార సంఘం వాళ్లు ఒక పోటీ పెట్టారు. సువాసన కలిపిన నల్ల టీలు తొమ్మిది, ఆకులతో పువ్వులతో చేసిన టీలు తొమ్మిది. ఆకుల టీల్లో మొదటి మూడింటిని సంఘం ఏడాదంతా కొంటుంది. మిగిలినవాళ్లు సరుకు వెనక్కి తీసుకుపోవాలి. తీర్పరి సోమలింగం గారు ఒక్కరే. కప్పుల మీద నంబర్లే ఉంటాయి, పేర్లు ఉండవు.

గురువారం పొద్దున్న ఆయన నన్ను తువ్వాల్లోంచి తీసి మరిగే నీళ్లలో ముంచి కడిగారు. తువ్వాలు సంచిలోనే ఉండిపోయింది. నల్ల టీలు ముందు. ఏలకులది, అల్లానిది, నారింజ తొక్కది, దాల్చినచెక్కది. ఒక్కో కప్పు తర్వాత నన్ను వేణ్నీళ్లలో ముంచి, హాలు వాళ్లిచ్చిన గుడ్డతో తుడిచేవారు. ఏలకుల టీ ఒకటి నోట్లో పడగానే కళ్లు మూసుకున్నారు. ఇంకొక దాంట్లో పొడి కాదు, సెంటు కలిపారని ఒక్క క్షణంలో పట్టేసి రాశారు. నాకు గర్వంగా ఉండేది, నా ప్రమేయం ఏమీ లేకపోయినా.

భోజనాల తర్వాత ఆకుల టీలు మొదలయ్యాయి. మందారంది ఎర్రగా, శంఖపుష్పానిది నీలంగా. ఆ నీలం టీలో నిమ్మరసం చుక్క వేస్తే ఊదాగా మారింది. అంత పెద్దమనిషీ దానికి మురిసిపోయి రెండోసారి చుక్క వేసి చూశారు. పదకొండో కప్పు అయ్యేసరికి హాలు గుడ్డ తడిసి ముద్దయింది. వేణ్నీళ్లు చల్లారిపోయాయి. ఆయన సంచి తెరిచి, ఇంటి నుంచి తెచ్చిన కొత్త తువ్వాలు తీసి, నా బొజ్జలోపల బాగా రుద్ది తుడిచారు. ఆ గదిలో అప్పటికే పదకొండు రకాల వాసనలున్నాయి. తువ్వాలు వాసన ఆయన ముక్కుకి అందలేదు.

పన్నెండో కప్పులో ముంచారు. జుర్రారు. ఆగారు. మళ్లీ తువ్వాలుతో తుడిచి మళ్లీ ముంచారు. కాగితం మీద ఇలా రాశారు: 'తులసి, నిమ్మగడ్డి. ఆకు మంచిది. పచ్చకర్పూరం కలిపారు. తిరస్కరించడమైనది.'

తులసి టీలో కర్పూరం కలిపి అమ్మేవాళ్లు లేకపోలేదు. అందుకే అనుమానం రాలేదు. తర్వాతి కప్పు పుదీనాది. పుదీనా దేన్నయినా మింగేస్తుంది. దాని తర్వాతది శొంఠి. మిగిలినవీ అలాంటి ఘాటువే. అలా పద్దెనిమిదీ అయిపోయాయి.

ఫలితాలు చదివారు. జనం సర్దుకుంటుండగా, పాడేరు అవతల కొండ ఊరి నుంచి వచ్చిన ఒకావిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. పేరు వంతాల చిలకమ్మ. ఆమె వెనక ఊళ్లో పదిహేడు మంది ఆడవాళ్లు ఆ ఏడాదంతా కోసి, నీడలో ఆరబెట్టిన ఆకు ఉంది. సంఘం కొనకపోతే ఆ ఆకుని వానాకాలం లోపు బూజు తినేస్తుంది.

"బాబూ, పన్నెండు నాదే," అంది. "మా ఊళ్లో దేవుడికి ఎలిగించడానికే కర్పూరం దొరకదు. టీలో ఏటేస్తాం?"

సోమలింగం గారు తలెత్తలేదు. "నాలుక అబద్ధం చెప్పదమ్మా," అన్నారు.

"నాలిక సెప్పదు బాబూ. దానికెవులో సెప్పుంటారు," అని, ఆఖరి బస్సు పోతుందని వెళ్లిపోయింది.

పని అంతా అయ్యాక ఒక చెంచాడు వట్టి వేణ్నీళ్లు నోట్లో పోసుకుని నాలుకని కడిగేసుకోవడం ఆయనకి అలవాటు. గురువు నేర్పినదే. నన్ను తువ్వాలుతో తుడిచి, అప్పుడే తెచ్చిన వేణ్నీళ్లలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. కనుబొమ వంగలేదు, కళ్లు మూసుకోలేదు. ముప్ఫై ఒక్కేళ్లలో నేను చదవని మొహం అది. నెమ్మదిగా తువ్వాలు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. లేచి నేరుగా సంఘం ఆఫీసు గదికి నడిచారు.

సంఘం కార్యదర్శి మంచివాడే గానీ కాగితం మనిషి. చదివిన ఫలితం మార్చాలంటే మళ్లీ రుచి చూడాలన్నాడు. తెచ్చిన నమూనా అయిపోయింది కాబట్టి, ఊళ్లోనే సీలు వేసిన పొట్లం సోమవారం లోపు తన బల్ల మీద ఉండాలన్నాడు. కబురు పంపడానికి ఆ కొండ ఊళ్లో ఫోను లేదు. డాక్టరు ఘాట్ రోడ్లు వద్దన్నాడని సోమలింగం గారు అతనికి చెప్పలేదు. నాకు తెలుసు, ఆ మాట అన్నప్పుడు నేను ఆయన జేబులోనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి చిలకమ్మ ఇంటి ముందున్నాం. బస్సు దిగాక రెండు మైళ్లు నడక. నాలుగుసార్లు ఆగి, చెట్లు చూస్తున్నట్టు నటించారు. చిలకమ్మ ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. పీట వేసింది, నీళ్లిచ్చింది. జరిగినదంతా ఆయన దాచకుండా చెప్పారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు తువ్వాలు చేతులు మార్చుకుంటూ వాసన చూసి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మరి అమ్మగారికి సెప్పారా?" అని అడిగింది చిలకమ్మ.

"చెప్పను. చెబితే ఈ జన్మలో ఇంక నా సంచి సర్దదు," అన్నారు.

ఆమె సత్తుగిన్నెలో టీ కాచింది. ఆయన అలవాటుగా జేబులో చెయ్యి పెట్టారు.

"ఆ సెంచా ఒద్దు బాబూ. గలాసుతో తాగండి."

గ్లాసుతో తాగారు. చప్పుడు చెయ్యలేదు. ఉమ్మడానికి చోటు కోసం ఒకసారి అటూ ఇటూ చూశారు. పదిహేడు మంది ఆయన గొంతు వంకే చూస్తున్నారు. మింగేశారు. నేను ఆయన దగ్గర చేరాక, పని మీద ఉండి ఆయన మింగిన మొదటి టీ అదే. కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. నాకు ఎప్పటిలాగే కుతూహలం: లోపలికి వెళ్లాక ఆ రుచి ఏమవుతుంది? ముప్ఫై ఒక్కేళ్లు అన్ని రుచులనీ గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలిన దాన్ని నేను.

"ఇంకో గ్లాసు ఉందా తల్లీ?" అన్నారు. తీర్పు అదే.

పొట్లం సీలు వేశారు. మీ చెంచాని ఇక్కడే ఉంచండి, ఆ వాసన పోయేదాకా మేం తోముతామని ఆడవాళ్లు పట్టుబట్టారు. సంఘంలో వేరే చెంచాలున్నాయి, పని ఆగదని, మళ్లీ వచ్చి తీసుకుంటానని ఆయన ఒప్పుకున్నారు. బూడిదతో, చింతపండుతో, ఎర్రమట్టితో నన్ను వంతులవారీగా తోమారు. కర్పూరం మొదటి రోజే పోయి ఉంటుంది. అయినా వారం రోజులు తోముతూనే ఉన్నారు.

నవంబరు చివర్లో సంఘం ఉత్తరం వచ్చింది. పన్నెండో నంబరుకి రెండో స్థానం. ఏడాది సరుకంతా కొంటారు. అదే కవర్లో సోమలింగం గారి చీటీ కూడా ఉంది. ఊళ్లో చదువుకున్న పిల్ల దాన్ని పైకి చదివింది, ఆమె కంటే ముందే నేను చదివేశాను. డిసెంబరు 5 ఆదివారం వస్తానని, మంచులో ఆకు కోయడం చూడాలని ఉందని, ఈసారి మింగడానికే వస్తున్నానని రాశారు.

ఇప్పుడు నేను చిలకమ్మ కొట్టంలో ఉంటున్నాను. ప్రతి కోతకీ ఆమె నాతోనే రుచి చూస్తుంది. జుర్రదు, ఉమ్మదు. ఆమె మొహం చదవడం నాకు ఇంకా పూర్తిగా రాలేదు. మనిషి మారితే లిపి కూడా మారిపోతుంది.

ఆయన వస్తానన్న ఆదివారం ఆమె రోడ్డు దగ్గర మూడు బస్సులు వచ్చిపోయేదాకా ఎదురుచూసింది. తర్వాతి వారం వరహాలమ్మ గారి కార్డు వచ్చింది. సోమలింగం గారు తిరిగి రాలేదు. 2004 డిసెంబరు 4, శనివారం, ఉదయం ఎనిమిదిన్నరకి కాకినాడలో ఇంట్లోనే పోయారు.