గరిటె వెనక పేరు

ప్రమీలమ్మ గరిటెను ముందు వైపు చూసి తల ఊపింది. వెనక్కి తిప్పి చూసి అడిగింది.

"కామయ్య ఎవరు?"

"చేసినాయనమ్మా," అంది భవ్యశ్రీ.

"ఏం చేసినాడు?"

"గరిటె."

సోమవారం పదకొండు గంటలవుతోంది. ఆత్మకూరులో ప్రమీలమ్మ, రాజమోహన్ దంపతులు కొత్తగా ఇల్లు కట్టారు. శుక్రవారం గృహప్రవేశం. వచ్చినవాళ్లకు తలా ఒక కొయ్య గరిటె పంచాలని నూట ఇరవై గరిటెలకు ఆర్డరిచ్చారు. ఉదయగిరి నుంచి బస్సులో రెండు అట్టపెట్టెలతో వచ్చిన భవ్యశ్రీ ఆ ఆర్డరు తీసుకున్న మనిషి. ఆమె కూడా గరిటెలు చెక్కుతుంది. పెద్ద ఆర్డరు వస్తే తను నాలుగో వంతు ఉంచుకుని మిగతాది ముగ్గురికి పంచుతుంది. ఈసారి తలా ముప్పై.

కాడ ముందు వైపు 'ప్రమీలమ్మ – రాజమోహన్, గృహప్రవేశం' అని, కింద తేదీ కాల్చి రాసి ఉన్నాయి. ఆ ఒక్క వరుస కుదరడానికి ఏడు ఫోన్లు అయ్యాయి. మొదట రాజమోహన్ పేరు ముందు. తర్వాత ప్రమీలమ్మ పేరు ముందు. తర్వాత ఇద్దరి పేర్ల పైన శ్రీరస్తు. తర్వాత శ్రీరస్తు వద్దు, కలశం బొమ్మ. తర్వాత బొమ్మ వద్దు. భవ్యశ్రీ ప్రతిసారీ సరేనంది. కాడ వెనక గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. వెనక చేసినవాళ్ల పేరు, ఊరు ఉన్నాయి.

ప్రమీలమ్మ పెట్టెలోంచి ఇంకో గరిటె తీసింది. రామలక్ష్మమ్మ, ఉదయగిరి. మూడోది తీసింది. పెంచలప్రసాద్, ఉదయగిరి. దాని కింద పది అంకెలు.

"ఈ నంబరేంది?"

"ఆయన ఫోన్ నంబరమ్మా. గరిటె ఇరిగితే చేసిస్తాడంట."

ప్రమీలమ్మ లోపలికి వెళ్లి ఒక స్టీలు పళ్లెం తెచ్చి భవ్యశ్రీ చేతిలో పెట్టింది. అంచున ఒక పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది.

"మా మేనమామ పేరు. పెండ్లికి ఇచ్చినాడు. ముప్పై ఏండ్లుగా దీంట్లోనే తింటా ఉండా. దీన్ని ఎవురు చేసినారో నాకు తెలుసా? సామాను మీద ఇచ్చినోళ్ల పేరుంటాది. రేపు నా ఇంటికొచ్చినోళ్లు ఇది తిప్పి చూసి, కామయ్య గరిటె పంచినాడంట అనుకోరా? ఎవురీ కామయ్య, మాకేమవుతాడు?"

భవ్యశ్రీ ఇంట్లో ఇత్తడి బిందె మీద ఆమె అమ్మమ్మ తమ్ముడి పేరుంది. ఆయనే ఇచ్చాడు కాబట్టి ఉంది. ఉదయగిరిలో నలుగురు వారం రోజులు ఈ గరిటెలు ముందేసుకుని కూర్చున్నారు. నలుగురి ఇళ్లలోనూ పేర్లు కొట్టించిన సామాను ఉంది. ఒక్కరికీ ఇది తట్టలేదు.

గురువారం సాయంత్రంలోగా వెనక పేర్లు తీసేసి తెమ్మని, లేకపోతే తను ప్లాస్టిక్ డబ్బాలు కొనుక్కుంటానని ప్రమీలమ్మ చెప్పింది. భవ్యశ్రీ రెండు పెట్టెలూ ఎత్తుకుని మళ్లీ బస్టాండుకు వచ్చింది.

వెనక పేర్లు రాయాలన్నది ఆమె ఆలోచనే. దానికి కారణం కామయ్య. ఆయన ఇరవై ఏళ్ల కిందట గొర్రెలు అమ్మేసి కొయ్య చెక్కే బాడిస పట్టుకున్నాడు. ఇప్పుడు ఉదయగిరిలో ఆయన చేతి గరిటె చూస్తే తోటి పనివాళ్లు గుర్తుపడతారు. పోయిన ఏడాది నెల్లూరులో ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లి, అక్కడ ఒక స్టాల్‌లో తన గరిటెలు చూశాడు. కాడ మీద స్టాలు వాడి స్టిక్కరు ఉంది. ఇవి నేను చేసినవి అన్నాడు. స్టాలు వాడు, నీ పేరేమన్నా రాసి ఉందా పెద్దాయనా అని అడిగాడు. కామయ్య ఇంటికొచ్చి నెల రోజులు పని ముట్టలేదు. అప్పుడు భవ్యశ్రీ మాటిచ్చింది. తన చేతి మీదుగా పోయే ప్రతి వస్తువు మీదా చేసినవాళ్ల పేరుంటుంది.

మాటిచ్చిన రోజు నుంచీ తలనొప్పే. కామయ్య ఇంటిపేరు కూడా కావాలన్నాడు. ఆయనకు ఇంటిపేరు రాస్తే నాకు నంబరు రాయాలని పెంచలప్రసాద్ పట్టుబట్టాడు. వీళ్లలో అందరికన్నా చిన్నవాడు అతనే. రామలక్ష్మమ్మ అసలు వద్దంది. ఎవరింట్లోనో సాంబారులో ముంచి, పీచేసి తోమే దాని మీద తన పేరెందుకని ఆమె వాదన. అందరూ సమానం అత్తా అని భవ్యశ్రీ బతిమాలి రాసింది. కాల్చి రాసే కరెంటు పెన్ను ఆమె దగ్గరే ఉంది. నూట ఇరవై గరిటెలు, రెండు వైపులా, ఆమే రాసింది.

సోమవారం సాయంత్రం ముగ్గురినీ పిలిచి సంగతి చెప్పింది. రామలక్ష్మమ్మ ఉప్పుకాగితం అడిగి తీసుకుని, మాట లేకుండా మొదటి గరిటె వెనక గీకడం మొదలుపెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు. పెంచలప్రసాద్ పేరు తీసి నంబరు ఉంచొచ్చా అని రెండుసార్లు అడిగాడు. భవ్యశ్రీ రెండోసారి అతని చేతిలో ఉప్పుకాగితం పెట్టింది. అతను కూడా కూర్చున్నాడు.

కామయ్య పెట్టెలోంచి తన ముప్పై గరిటెలు ఒక్కొక్కటీ వెతికి తీసి గోతంలో వేసుకున్నాడు.

"యాడికి మామా?" అంది భవ్యశ్రీ.

"ఇంటికి."

"పేరు తియ్యకుంటే ఆమె తీసుకోదు."

"తీసుకోవద్దు. నేను తియ్యను."

ఆయన గోతం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున ఆమె కామయ్య ఇంటికి వెళ్లింది. గంటసేపు మాట్లాడింది. ఆమె చెప్పినదంతా ఆయన విన్నాడు, ఒప్పుకున్నాడు, ఆమె తప్పేం లేదన్నాడు, మజ్జిగిచ్చాడు. గరిటెలు మాత్రం ఇవ్వలేదు. స్టాలు వాడు అడిగినప్పుడు పేరు లేక నోరు మూసుకుని వచ్చానని, ఇప్పుడు ఉన్న పేరును తన చేత్తో గీకలేనని చెప్పాడు.

అక్కడి నుంచి రామలక్ష్మమ్మ దగ్గరికి వెళ్లి, తలా పది చొప్పున ముగ్గురం ఇంకో ముప్పై చేద్దామంది. ఒక మనిషి రోజుకు ఆరు చేయగలరు. బుధవారం రాత్రికి అయిపోతాయి.

"కామన్న చేసినవి ఉండంగా నేనెందుకు చేస్తా?" అంది రామలక్ష్మమ్మ. "ఆయన వంతు పని నేను చేసి ఇచ్చేస్తే, ఆయన ముప్పై పొయ్యిలోకా?"

"మరి నీ పేరు నువ్వు ఒక్క మాట లేకుండా గీకేస్తివే."

"నా పేరు సంగతి వేరు. అది నాకు అక్కర్లేదు. ఆయన వంతు తీసుకునేది వేరు."

పెంచలప్రసాద్‌ది కూడా అదే మాట. మామ ఒప్పుకుంటే ఇరవై అయినా చేస్తానన్నాడు. మామను అడిగితే, ఎవరి ఇష్టం వాళ్లదన్నాడు. ఆ మాట తిరిగి పెంచలప్రసాద్‌కు చెబితే, అది ఒప్పుకోవడం కాదన్నాడు. తోటి పనివాళ్లకు అండగా నిలబడాలని ఈ ముగ్గురికీ తనే చాలాసార్లు చెప్పిన సంగతి భవ్యశ్రీకి గుర్తొచ్చింది. అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది. రెండు రోజుల్లో ఒంటి చేత్తో ముప్పై కావు. తొంభై గరిటెల వెనక నున్నగా రుద్ది, కొబ్బరినూనె పూసి ఆరబెట్టారు.

గురువారం మధ్యాహ్నం ఆమె బస్సెక్కి కూర్చున్నాక, గోతంతో కామయ్య ఎక్కాడు. పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఆమెతో నేనే మాట్లాడతా," అన్నాడు.

దారిలో భవ్యశ్రీ ఆయనకు మూడు విషయాలు చెప్పింది. గొంతు పెంచొద్దు. స్టాలు సంగతి ఎత్తొద్దు. ఆమె వద్దంటే తిరిగి వచ్చేయాలి. కామయ్య మూడింటికీ తలూపాడు. ఆత్మకూరులో ప్రమీలమ్మ వరండా మెట్లెక్కుతూనే స్టాలు సంగతి ఎత్తాడు.

ప్రమీలమ్మ మొత్తం విన్నది. ఆమెకూ వేరే దారి లేదు. పిలుపులు అయిపోయాయి, తెల్లారితే జనం వస్తారు, పెట్టెల్లో తొంభై ఉన్నాయి. గోతంలోంచి ఒక గరిటె తీసి అరచేతిలో కాసేపు తూచింది.

"బాగుండాది," అంది. "నేను బాగలేదని ఎప్పుడన్నా? నీ పేరు తియ్యనంటావు, అంతే గదా?"

"అంతేమ్మా."

"సామాను మీద పేరున్నోడు ఇచ్చినోడు. నేను చెప్పేది కూడా అంతే. రేపు నువ్వు రా. తొంభై నా చేత్తో ఇస్తా. ముప్పై నీ చేత్తో నువ్వియ్యి. అప్పుడు నీ పేరుంటే తప్పు లేదు."

కామయ్య వెంటనే సరేనన్నాడు.

ఆయన అడిగింది అది కాదని భవ్యశ్రీ అందుకుంది. ఇచ్చినవాడిగా కాదు, చేసినవాడిగా పేరుండాలన్నదే ఇన్నాళ్ల గొడవ అంది. ప్రమీలమ్మ నూట ఇరవైకీ డబ్బులిస్తానని, ఇక మాట పెంచొద్దని చెప్పింది. కామయ్య అయితే, అమ్మాయ్ నువ్వు కాసేపు ఊరుకో అన్నాడు.

శుక్రవారం ఆయన తెల్లచొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో వచ్చాడు. భవ్యశ్రీ కూడా వచ్చింది, రాకుండా ఉండటానికి భయమేసి. షామియానాలోంచి బయటికి వచ్చే దారిలో ఒక బల్ల వేసి, తాంబూలాల పక్కన ఒక వైపు ప్రమీలమ్మను, ఇంకో వైపు కామయ్యను నిలబెట్టారు. భోజనం చేసి వచ్చినవాళ్లలో కొందరు ఆమె చేతుల మీదుగా, కొందరు ఆయన చేతుల మీదుగా గరిటె తీసుకున్నారు.

తీసుకున్నవాళ్లు తిప్పి చూశారు. పేరు చదివారు. కామయ్య ముఖం చూశారు. ఒకాయన, రాజమోహన్ తరఫా ప్రమీలమ్మ తరఫా అని అడిగాడు. ఇంకొకాయన కామయ్య భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

"సర్పంచికి నిలబడతా ఉండావాన్నా?"

"లేదే. ఏం?"

"పేరేసి పంచతా ఉండావు గదా. ఏ పార్టీ?"

కామయ్య తను చేసినవని చెప్పాడు. అడిగినాయన నమ్మినట్టు నవ్వి, ఇంకో ఇద్దరిని తీసుకొచ్చి పరిచయం చేశాడు. వాళ్లు తమ వీధిలో నీళ్ల ట్యాంకు గురించి చెప్పారు. కామయ్య పది నిమిషాలు నిలబడి విన్నాడు. బల్ల ముందు వరుస ఆగిపోయింది. ప్రమీలమ్మ భవ్యశ్రీ వైపు చూసింది. భవ్యశ్రీ షామియానా గుంజ వైపు చూసింది.

తర్వాత కానుక ఇచ్చినవాడికి బట్టలు పెట్టకుండా పంపితే బాగుండదని ఎవరో పెద్దావిడ అంది. ప్రమీలమ్మ లోపలికెళ్లి, ఎవరికోసమో తెచ్చిన పంచె ఒకటి పళ్లెంలో తెచ్చి ఇచ్చింది. కామయ్య దాన్ని చంకలో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో పంచాడు. అప్పటికి పంతొమ్మిది మంది ఆయన గరిటె తీసుకుని, థాంక్స్ అన్నా అని వెళ్లారు.

ఇరవయ్యో మనిషి చేజర్ల నుంచి వచ్చిన ఒకామె. పాతికేళ్లుంటాయి. గరిటె చూసి అడిగింది.

"బాగుండాదన్నా. యాడ కొన్నావు?"

కామయ్య పంచెను బల్ల మీద పెట్టాడు.

"కొనలేదమ్మా," అన్నాడు. "పట్టుకో. అన్నం కూర వండేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకో."

ఆమె పట్టుకుంది. ఎడమ చేత్తో పట్టుకుని, చుట్టూ చూసి కుడి చేతికి మార్చింది.

"ఏ చేత్తో కలుపుతావు?"

"ఎడమ చెయ్యే. మా అత్త తిడతాది."

కామయ్య గరిటె వెనక్కి తీసుకున్నాడు. సాంబారు వంచే మూతి ఎడమ వైపు ఉందని, అది కుడిచేతి వాళ్లకని వేలు పెట్టి చూపించాడు. ఆమె ఎడమ చేత్తో వంచితే గిన్నె బయట పడుతుంది. ఆమె అవునంది, ఇంట్లో స్టీలుదానితోనూ అంతేనంది. ఇది నీకు పనికిరాదు, మూతి కుడివైపు పెట్టి చేసి పంపిస్తానని ఆయన చెప్పాడు. కాడ ఎంత పొడుగు కావాలో ఆమె మోచెయ్యి చూసి కొలుచుకున్నాడు. గ్యాసు పొయ్యా కట్టెల పొయ్యా అని అడిగాడు. వెనక వరుసలో నలుగురు ఆగి ఉన్నారు. గృహప్రవేశానికి వచ్చిన మనిషికి ఇచ్చిన గరిటె వెనక్కి లాక్కున్నాడని ప్రమీలమ్మ భవ్యశ్రీ చెవి దగ్గర అంది. భవ్యశ్రీ సంచిలోంచి ఆర్డర్ల పుస్తకం తీసింది.

"పేరు?" అంది.

"జెస్సీ."

భవ్యశ్రీ రాసుకుంది. జెస్సీ, చేజర్ల, సాంబారు గరిటె, ఎడమ చెయ్యి. ముందు వైపు ఆమె పేరు కాల్చాలని కామయ్య చెప్పాడు.

"వెనక నీ పేరు, ఇంటిపేరుతో. అంతే గదా?" అంది భవ్యశ్రీ.

"నా పేరెందుకు? నన్ను చూసింది గదా."

భవ్యశ్రీ పెన్ను ఆపింది. తొంభై గరిటెలు, ఉప్పుకాగితం, ఐదు బస్సు ప్రయాణాలు ఆమె లోపల వరుసగా నిలబడ్డాయి.

"ఈ మాట సోమవారం చెప్పుంటే పోయేది గదా మామా," అంది.

కామయ్య తర్వాతి మనిషికి గరిటె అందిస్తున్నాడు.

"సోమవారం ఈయమ్మ యాడుండింది?" అన్నాడు.