బుల్లబ్బాయి గొంతు

కృష్ణానగర్ డబ్బింగ్ స్టూడియోల్లో బుల్లబ్బాయి గొంతు తెలియనివాళ్ళు లేరు. అనువాద సినిమాల్లో పోలీసులకీ, పూజారులకీ, విలన్ పక్కన నిలబడేవాళ్ళకీ ఆయనే మాట అరువిచ్చేవాడు. తణుకు నుంచి వచ్చి అమీర్‌పేటలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఆ ఇంటికి అన్నం పెట్టింది ఆ గొంతే.

ఆ ఏడు వానలు పట్టగానే అది బొంగురుపోయింది. పడిశమే అనుకుంది భార్య కమలకుమారి. ఆమె కషాయానికి లొంగని దగ్గు ఆ మేడలో అంతవరకూ ఎవరికీ రాలేదు. మిరియాలు, వాము దోరగా వేయించి, శొంఠి కొమ్ము నలగ్గొట్టి, అతిమధురం, గుప్పెడు తులసాకులు వేసి, నీళ్ళు సగానికి ఇగిరేదాకా కాచి, దించాక తాటిబెల్లం కలిపేది. అది తాగితే గొంతు కాసేపు తెరుచుకునేది. ఆ కాసేపట్లోనే ఆయన పని ముగించుకుని వచ్చేవాడు.

పక్కవాటా స్వరాజ్యం ఒకరోజు మేడ మీద బట్టలారేస్తూ, "అక్కా, గొంతు గిన్ని దినాలు గట్లనే ఉంటదా? బావను జర పెద్ద డాక్టర్‌కు చూపియ్యరాదు" అంది.

కమలకుమారికి మనసు చివుక్కుమంది. తన చేతిమందును తక్కువ చేసినట్టనిపించింది. అయినా ఆ రాత్రి భర్తతో అంటే ఆయన ససేమిరా అన్నాడు. బుల్లబ్బాయి గొంతు పోయిందట అని కృష్ణానగర్‌లో ఒక్కడికి తెలిస్తే చాలు, మర్నాటి నుంచి ఫోన్ మోగదన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు ఆమె మనసు తేలికపడింది. మర్నాడు మిరియాలు ఇంకో నాలుగు ఎక్కువేసింది.

దీపావళి వెళ్ళాక ఒక ఉదయం ఉమ్మిలో నెత్తురు కనబడింది.

పంజాగుట్ట ఆస్పత్రిలో డాక్టర్ రాగసుధ ఆయన గొంతులోకి గొట్టం వేసి చూసింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. స్వరపేటిక మీద క్యాన్సర్ అని తేలింది. ప్రాణం నిలవాలంటే పేటిక మొత్తం తీసేయాలంది. ఇన్నాళ్ళూ ఏం వాడారని అడిగితే కమలకుమారి తలొంచుకుని, "కషాయం ఇచ్చానండీ" అంది. డాక్టర్ కోప్పడలేదు. ముందే వస్తే గొంతు దక్కేదా అని కమలకుమారే అడిగింది. దక్కి ఉండేదేమో అంది డాక్టర్, మెల్లగా.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఆమె శొంఠి, మిరియాల డబ్బాలు తీసి చెత్తబుట్ట దగ్గరికి తీసుకెళ్తుంటే బుల్లబ్బాయి ఆపాడు.

"కాస్త కాచి పెట్టు కమలా. రేపట్నుంచి అడగడానికి నాకు గొంతుండదు."

"నా వల్లే కదండీ ఇదంతా."

ఆయన కాదనలేదు. డబ్బాలు ఆమె చేతిలోంచి తీసుకుని పొయ్యి పక్కన పెట్టి, "నువ్వు రమ్మన్నావు, నేను రానన్నాను. ఇద్దరం కలిసే చేసుకున్నాం" అన్నాడు. ఆమె ఏడుస్తూనే పొయ్యి వెలిగించింది.

ఆపరేషన్ తర్వాత మెడ దగ్గర చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి ఇక అందులోంచే. మింగడం కుదురుకునేసరికి చలికాలం చివరికొచ్చింది. ఒక సాయంత్రం ఆయన పొయ్యి వైపు చూపించాడు. ఆమె మళ్ళీ కాచింది. ఇల్లంతా తులసి, వాము ఘాటు కమ్ముకుంది.

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన రావడంలేదని తల అడ్డంగా ఊపాడు. ముక్కులోంచి గాలి ఆడదని డాక్టర్ చెప్పిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వేడిగా ఉందని అలవాటుగా పెదవులు గుండ్రంగా చుట్టి ఊదబోయాడు. గాలి మెడలోంచి పోయింది. గ్లాసులో ఆవిరి కదల్లేదు.

కమలకుమారి గ్లాసు అందుకుని, ఇంకో గ్లాసులోకి వంచుతూ, తిరగబోస్తూ చల్లార్చింది. ఆయన పసిపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు. గోరువెచ్చగా అయ్యాక ఇస్తే ఒక గుక్క తాగి, పెదవులు కదిపి ఏదో అన్నాడు. ఆ కదలికలు చదవడం ఆమెకు ఇంకా పట్టుబడలేదు.

"ఏంటండీ?" అంది దగ్గరికి జరిగి.

ఆయన మళ్ళీ అన్నాడు. ఆమెకు మళ్ళీ అర్థం కాలేదు. ఏమీ లేదన్నట్టు చెయ్యూపి, మిగిలిన కషాయం తాగేశాడు.