ఉప్పు చెమ్మగిల్లని ఇల్లు

పొద్దున లేవగానే ఎల్బా పొయ్యి మీద నీళ్లు పెట్టి వెనక గదిలోకి వెళ్తుంది. దండేలకి తలకిందులుగా వేలాడుతున్న గంజాయి కొమ్మల్లో ఒకదాన్ని వంచి చూస్తుంది. వంగితే ఇంకా పచ్చి. పుటుక్కున విరిగితే మొగ్గలు తుంచి గాజు సీసాల్లోకి ఎత్తేస్తుంది. ముందే ఎత్తిన సీసాల మూతలు తీసి, కాసేపు గాలాడనిచ్చి మళ్లీ బిగిస్తుంది. ఆ కొమ్మలు ఆమెవి కావు, ఊరందరివీ.

సముద్రానికీ ఉప్పునీటి మడుగుకీ మధ్య ఇరుక్కున్న ఆ ఉరుగ్వే ఊళ్లో, చలికాలానికి ముందు ఏప్రిల్ వచ్చిందంటే చెమ్మ మనుషుల్ని పీక్కుతింటుంది. ఉతికిన బట్టలు వారమైనా ఆరవు. ఉప్పు డబ్బాలోనే గడ్డకడుతుంది. ఇంటికి ఆరు మొక్కలు పెంచుకోమని చట్టం చేశారే గానీ, కోసినవాటిని ఎక్కడ ఆరబెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఎల్బా ఇంట్లో మాత్రం ఉప్పు ఇసుకలా జారుతుంది. కొడుకు నెస్తోర్ చేపలకి వెళ్లి తిరిగి రాని రోజున ఆమె ఏడవలేదు. ఆనాటి నుంచీ చెమ్మ ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. అలాగని మరీ పొడిగాలీ కాదు. ఆకు పొడై రాలిపోకుండా, బూజు పట్టకుండా ఎంత కావాలో అంతే. మొదటి ఏడాది ఇరుగుపొరుగు మొహమాటపడుతూ కొమ్మలు తెచ్చారు. తర్వాత ఆ మొహమాటమూ పోయింది.

దాంతో ఊరికో మర్యాద అలవాటైంది. కొమ్మలు వేలాడినంత కాలం, ఆమె ఎక్కడ ఏడుస్తుందోనని నెస్తోర్ పేరు ఎవరూ ఎత్తరు. అతను పోయింది ఏప్రిల్‌లోనే అయినా, పాదిరిగారు అతని పేరున ప్రార్థన కొమ్మలన్నీ ఆరిపోయాక, ఆగస్టులో పెట్టిస్తారు. ఆయనకీ ఆరు మొక్కలున్నాయి మరి. ఎల్బాకి ఇదంతా తెలుసు. తెలిసినా కోపం రాదు, బాధా రాదు. కొమ్మ ఆరిందా లేదా అన్నదొక్కటే చూసుకుంటుంది.

ఆ ఏడాది ముసురు వదల్లేదు. పక్కింటి ఎలాదియో కొమ్మల మోపు భుజాన వేసుకొచ్చి దండేనికి కట్టాడు. అతని భార్య ఇర్మాకి వేళ్ల కణుపులు వంకర్లు పోయాయి. ఈ మొగ్గలు నూనెలో కాచి రాసుకుంటేనే చలికాలం ఆమెకి నిద్ర.

"ఇర్మా ఎలా ఉంది?" అంది ఎల్బా, సొరబుర్ర కప్పులో, టీలా తాగే మాతే ఆకు నింపుతూ.

"తిడుతోంది. చేతుల్లో పోయిన బలమంతా నోట్లోకొచ్చింది. ఇవి జాగ్రత్త తల్లీ, పోతే నన్ను గడప తొక్కనివ్వదు."

"నా దగ్గర ఎప్పుడైనా పోయాయా?"

మాతేకి నీళ్లు మరగకూడదు. ఎల్బావి మరిగిపోయాయి, ఆమె గమనించలేదు. కెటిల్ వంచితే నీళ్లు బుర్రలో కాక, దాన్ని పట్టుకున్న చేతి మీద పడ్డాయి. ఆమె చెయ్యి తియ్యలేదు. బుర్ర నిండిందా అని చూస్తూ పోస్తూనే ఉంది.

ఎలాదియో లేచి కెటిల్ లాక్కున్నాడు. "చెయ్యి కాలింది, ఎల్బా."

"అవునా," అంది ఆమె. ఎర్రగా కమిలిన చేతిని పరాయివాళ్లదాన్ని చూసినట్టు చూసుకుంది.

అతనికి భయమేసింది. తలెత్తి ఇర్మా కొమ్మల వంక చాలాసేపు చూశాడు. ఇంట్లో తనకేం కాబోతుందో పాపం అతనికి బాగా తెలుసు. ఆఖరికి కూర్చుని, మామూలు గొంతుతోనే అన్నాడు. "నెస్తోరూ ఇంతే. వెధవకి మాతే పొయ్యడం చేతకాదు. పడవలో అందరి నాలుకలూ కాల్చేవాడు."

ఎల్బా అతని చేతిలోని కెటిల్ వంక చూసింది. "చల్లారనివ్వరా అంటే వినేవాడు కాదు," అంది. "చెయ్యి మండుతోంది, ఎలాదియో. చాలా మండుతోంది."

అప్పుడు ఏడ్చింది. గోడలు చెమర్చాయి, దూలాల నుంచి చుక్కలు రాలాయి. సీసాల లోపలి గాజు మసకబారింది. ఎలాదియో చన్నీళ్ల గిన్నె తెచ్చి ఆమె చెయ్యి అందులో ముంచి పట్టుకున్నాడు. కొమ్మల వైపు మళ్లీ చూడలేదు.

రెండోనాటికి అన్నిటికీ బూడిదరంగు బూజు పట్టింది. ఊళ్లోవాళ్లు వచ్చి ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు. పాదిరిగారు కాస్త గొణిగారు.

ఇర్మా అందరికన్నా ఆఖర్న వచ్చింది. నిరుటి నూనె సీసా అడుగున మిగిలింది తెచ్చి, వంకర వేళ్లతో ఎల్బా చేతికి రాయడం మొదలుపెట్టింది.

"నీ కొమ్మలు పోయాయి," అంది ఎల్బా.

"చూశాను. మా ఆయనకి నిన్నటి నుంచీ కూడు పెట్టలేదు."

"నొప్పిగా ఉంది ఇర్మా."

"నాకూ," అంది ఇర్మా, రాయడం ఆపకుండా. "ఈ చలికాలం ఎలాగూ నిద్రపట్టదు. నెస్తోర్ సంగతులు చెప్పు."