అత్తగారి ప్రాసెసర్

ప్రెస్సాయన కంప్యూటరు ఉన్నట్టుండి కన్నుమూసింది. బడి వార్షికోత్సవం ఆహ్వానాలు సగం అచ్చయ్యాయి, మిగతా సగం దాని పొట్టలోనే ఉండిపోయాయి. కార్డులు తయారుచేసే పాత సాఫ్ట్‌వేరు ఆ ఒక్క మెషీన్లోనే నడుస్తుంది. కొత్త కంప్యూటర్లు దాన్ని గుమ్మం కూడా తొక్కనివ్వవు.

బావమరిది వచ్చి, మూత విప్పి, లోపలికి తొంగిచూశాడు. అతన్ని ఇంట్లో అందరూ మేధావి అంటారు. బాగుచేస్తానని మిక్సీ విప్పినప్పుడు పడిన పేరది. మిక్సీ మాత్రం బాగుపడలేదు.

"ప్రాసెసర్ పోయింది బావా. మదర్‌బోర్డు గుండ్రాయిలా ఉంది" అన్నాడు.

వెళ్లి ఒక ప్రాసెసర్ తెచ్చాడు. బోర్డు మీద సన్నసన్నటి కన్నాలున్నాయి. తెచ్చినదాని అడుగున పిన్నులే లేవు.

"కాస్త గట్టిగా నొక్కితే?" అన్నాడు మేధావి. ప్రెస్సాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

మార్చి తెచ్చింది చక్కగా కూర్చుంది. స్విచ్చి వేశారు. ఫ్యాను తిరిగింది కానీ తెర నల్లగానే ఉంది. మేధావి ఫోనులో చాలాసేపు చదివి తలెత్తాడు.

"సాకెట్టుకి సరిపోయేదే. కాకపోతే ఇది బోర్డు కన్నా తరవాత పుట్టింది, బోర్డుకి దీని మొహం తెలీదు. బోర్డులో బయోస్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని అప్‌డేట్ చేస్తే గుర్తుపడుతుంది."

"చెయ్యి మరి."

"కంప్యూటరు ఆన్ అయితేగానీ చెయ్యలేం."

"ఆన్ అవ్వాలంటే?"

"అప్‌డేట్ చెయ్యాలి."

ప్రెస్సాయన స్టూలు మీద కూలబడ్డాడు.

"పాత రకం ప్రాసెసర్ ఒక్కటి కాసేపు దొరికితే చాలు..." అంటూ మేధావి ఆగిపోయాడు. ఇద్దరూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు.

పై అంతస్తులో అత్తగారుంటారు. ఆవిడ కంప్యూటరూ, ప్రెస్సు కంప్యూటరూ ఒకే షాపులో కలిపి కొన్న కవలలు. ఆవిడ దాని మీద పేకాట ఆడతారు. అడిగితే ఇవ్వరు. కొడుకైనా సరే, మేధావి చేతికైతే అసలే ఇవ్వరు.

మధ్యాహ్నం ఆవిడ గురక వినిపించగానే ఇద్దరూ మునివేళ్ల మీద మెట్లెక్కారు. ప్లగ్గు పీకి, మూత తీసి, మేధావి ఫ్యాను పట్టుకుని లాగాడు. వేడి లాగడానికి మధ్యలో పూసే పేస్టు ఎండిపోయి, దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఫ్యానుతో పాటే ఊడొచ్చింది.

"అమ్మో!" అన్నాడు మేధావి, పైకే.

గురక ఆగింది.

"అల్లుడు గారూ, అందులో ఏం వెతుకుతున్నారు?" కళ్లు తెరవకుండానే అడిగారు అత్తగారు.

"దుమ్ము... దుమ్ము దులుపుతున్నామండీ అత్తయ్యా."

"ఒరేయ్, నీ చేతిలో అదేమిట్రా?"

"దుమ్మేనమ్మా" అన్నాడు మేధావి, ఫ్యాను వీపు వెనక దాచుకుంటూ.

ఆవిడ లేచి తెర చూశారు. "నా ఆట! ఇంకో నాలుగు ముక్కలు పడితే గెలిచేదాన్ని కదరా!"

ఇక దాచి లాభం లేదని ప్రెస్సాయన జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే నాది మీ దాంట్లో పెడితే అది నోరెత్తకుండా పనిచేస్తుందా?"

"చేస్తుందండీ."

"అయితే నాది మీరే ఉంచుకోండి. ఆ కొత్తది నాకు పెట్టండి."

"అది కాదమ్మా, నీ బోర్డుకీ దాని మొహం తెలీదు. నీ పాతది మళ్లీ నీ దాంట్లోనే పెట్టి, అప్‌డేట్ చేసి, మళ్లీ తీసి..."

"ఆ చేసేదేదో చెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."

ఊడొచ్చిన ప్రాసెసర్‌కి ఒక పిన్ను వంగింది. కొడుకుని దూరంగా నిలబెట్టి, కళ్లజోడు పెట్టుకుని, కనుబొమ్మల పట్టకారుతో ఆవిడే దాన్ని నిలబెట్టారు. సాయంత్రానికి పైన పేకముక్కలు, కింద ఆహ్వానాలు కదిలాయి. ప్రెస్సాయన ప్రాణం కుదుటపడింది.

మర్నాడు అత్తగారు ప్రెస్సులోకి దిగివచ్చారు.

"ఇది బాగాలేదు అల్లుడు గారూ. పాతది కాస్త ఆలోచించి పంచేది. ఇది ఆలోచించకుండా పడేస్తోంది, అన్నీ పనికిమాలిన ముక్కలే. నాది నాకిచ్చెయ్యండి."

"అలాగేనండీ. మీ అబ్బాయిని ఇప్పుడే పంపిస్తాను, వచ్చి మార్చేస్తాడు."

అత్తగారు క్షణం ఆలోచించారు.

"వద్దులెండి. నేనే అలవాటు చేసుకుంటాను" అని మెట్లెక్కి వెళ్లిపోయారు.