ఎవరూ ముట్టుకోని పెట్టెలు

భీమవరం దిగువన, ఉప్పుటేరు పక్కనున్న ఆ ఊళ్లో రొయ్యల చెరువు తవ్విన మొదటి రైతు చిట్టిరాజేమీ కాడు. అతనికంటే ముందే నలుగురు తవ్వారు. కాని పెళ్లాం పసుపుకుంకుమల కింద తెచ్చుకున్న పొలాన్ని తవ్విన మొదటి మొగుడు మాత్రం అతనే. అందుకని ఊరు అతన్ని కాస్త ప్రత్యేకంగా చూసేది. ఆ చూపులో మెచ్చుకోలు పాలు తక్కువ.

ఆ పొలం సూర్యావతిది. పక్క ఊరే ఆమె పుట్టిల్లు. పెళ్లినాడు తండ్రి ఆమె పేర రాసిచ్చి, ఆ మరుసటేడే కన్నుమూశాడు. ఉప్పునీళ్లు పెట్టిన చేలో మళ్లీ వరి పండదు. ఆ సంగతి ఆ చుట్టుపక్కల ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. అయినా ఆమె ఒప్పుకుంది. రొయ్యల మీద ఆశపడి ఒప్పుకోలేదు. మొగుడు అడిగాడని ఒప్పుకుంది. తల్లి జానకీదేవి వచ్చి లబలబలాడినా, "ఆయనకి తెలుసులేవే అమ్మా" అని ఊరుకుంది.

ఉప్పుటేటి నీళ్లు చేలోకి ఎక్కిన రోజున చిట్టిరాజుకి మొదటిసారి భయం వేసింది. సీడు దిగి, రొయ్య పెరిగితే సరి. లేకపోతే ఆ చేను ఇటు చెరువూ కాదు, అటు చేనూ కాదు.

సీడంటే రొయ్యపిల్లలు. ఆ ఏడు సీడుకి ఎక్కడ లేని కరువూ వచ్చింది. చివరికి కేరళలో రొయ్యగుడ్లు పొదిగించే ఒక హేచరీవాళ్లు ఇస్తామన్నారు. ఆ ఏడాదికి వాళ్ల దగ్గర మిగిలిన ఆఖరి సీడు అదే. రైల్లో తెస్తే రెండు రోజులు, పిల్ల బతకదు. పొద్దున్నే కొచ్చిన్ నుంచి పెద్ద కంపెనీ విమానంలో హైదరాబాదు, అక్కణ్ణుంచి మధ్యాహ్నం చిన్న కంపెనీ విమానంలో రాజమండ్రి, అక్కణ్ణుంచి వ్యానులో చెరువు. పాలిథీన్ సంచుల్లో నీళ్లు పోసి, ఆక్సిజన్ కొట్టి, థర్మకోల్ పెట్టెల్లో సర్ది ఇచ్చిన హేచరీ మనిషి, చీకటి పడేదాకా ప్రాణానికి ఢోకా లేదన్నాడు.

చిట్టిరాజు ఈ పనికి కొత్త కాదు. అంతకు ముందు ఎన్నోసార్లు కలకత్తా నుంచి రైల్లో చేపపిల్ల తెచ్చినవాడే. భీమవరానికి బుక్ చేస్తే బెజవాడలో రైలు మార్చేది రైల్వేవాళ్లే. రైతు పని పక్కన నిలబడి చూడటమే. ఆగలేక మూత తీసి చూసినవాళ్లూ, పెట్టెలు అటూ ఇటూ జరిపినవాళ్లూ పిల్లని చంపుకున్నారు. దారిలో పిల్ల పెట్టె మీద చెయ్యి వెయ్యకూడదు. డెల్టాలో సీడు తెచ్చే ప్రతివాడూ తలకెక్కించుకున్న మాట అది. చిట్టిరాజు మరీ గట్టిగా ఎక్కించుకున్నాడు.

కొచ్చిన్ కౌంటర్‌లో బతిమాలి ప్రతి పెట్టె చీటీ మీదా రాజమండ్రి అని పెద్దక్షరాలతో రాయించుకున్నాడు. ఆ గుమస్తా మంచివాడు, అడిగినట్టే రాశాడు. రాసినంత మాత్రాన రెండో కంపెనీవాడు ఎక్కించుకుంటాడా అని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

హైదరాబాదులో దిగాక, హాల్లో గోడ వారన పెట్టెలు దింపారు. ఒక్కటీ ఒరగలేదు, తడి కారలేదు. చిట్టిరాజు ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్లు ఎవరి సామాను వాళ్లు తీసుకుని పోతున్నారు. అతను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, తన పెట్టెలకు కాస్త ఎడంగా నిలబడి, కళ్లతోనే కాపలా కాశాడు.

ఒక లోడరు దగ్గరకొచ్చాడు. "మీవేనా సార్? బయట పెట్టమంటారా?"

"నావేనయ్యా. బాబ్బాబు, ముట్టుకోకు. రాజమండ్రి వెళ్లేవి, చీటీ చూడు."

లోడరు చీటీ చూశాడు, తలూపాడు, వెళ్లిపోయాడు. ఇంకేం కావాలి? చిన్న కంపెనీ కౌంటర్‌లో అమ్మాయి సామాను ఏమైనా ఉందా అని అడిగితే, "కొచ్చిన్‌లోనే వేశారమ్మా" అని దర్జాగా చెప్పి, చేతిసంచితో విమానం ఎక్కాడు.

రాజమండ్రిలో దిగేసరికి వ్యాను డ్రైవరు సత్తిరాజు తడిపిన గోనెపట్టాలతో సిద్ధంగా ఉన్నాడు. విమానం పొట్టలోంచి రెండు సూట్‌కేసులూ, ఒక తపాలా సంచీ దిగాయి. తలుపు మూసేశారు. చిట్టిరాజు ఇంకా ఆ తలుపు వంకే చూస్తున్నాడు.

చిన్న కంపెనీకి అక్కడ ఉన్న ఒకే ఒక్క మనిషి కుక్కుటేశ్వరరావు. టిక్కెట్టు ఇచ్చేదీ ఆయనే, సమాధానం చెప్పేదీ ఆయనే.

"ఈ చీటీలు మావి కాదండి రాజుగారూ. పెద్ద కంపెనీ వాళ్లవండి. వాళ్ల పని హైదరాబాదుతో సరండి. అక్కడ మీరే తీసుకుని మా కౌంటర్‌లో ఇవ్వాలండి."

"రాజమండ్రి అని రాసుందిగా!"

"రాసుందండి. మాకూ వాళ్లకీ పొత్తు లేదండి."

ఆ అండీల మధ్య చిట్టిరాజుకి కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు. ఫోను చెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాడు. కుక్కుటేశ్వరరావు పాపం అప్పటికప్పుడే ట్రంకాల్ బుక్ చేశాడు. లైను దొరకడానికే మధ్యాహ్నం కాస్తా కరిగిపోయింది. దొరికాక ఆయన చెవిలో ఒక వేలు పెట్టుకుని, గొంతు చించుకుని మాట్లాడి, మొహం విప్పార్చుకుని ఇటు తిరిగాడు.

"భద్రంగా ఉన్నాయండి! ఎవరూ తీసుకెళ్లలేదని గదిలో పెట్టి తాళం వేశారటండి. ఒక్కడు కూడా చెయ్యి వెయ్యలేదట!"

చిట్టిరాజు బల్ల మీదికి వంగాడు. "తెరవమనండి. సంచులు కోసి ఏ తొట్లోనో పొయ్యమనండి. గాలి అయిపోతుంది, ఊపిరాడదు వాటికి. చెప్పండి బాబూ!"

ఆయన చెప్పాడు. అవతల మనిషి, సొంతదారు వస్తే తప్ప తాళం తియ్యకూడదన్నాడు. సొంతదారు ఇక్కడున్నాడు. ఆ పూటకి మళ్లీ విమానం లేదు, రైలెక్కితే చేరేది మర్నాడే. ఇంకోసారి అడగబోతే లైను తెగిపోయింది. బయట ఎండ వాలుతోంది. చీకటి పడటానికి ఇంకా వేళుంది. అంటే అవి ఇంకా బతికే ఉన్నాయి. ఆ ఊహ భరించలేక చిట్టిరాజు కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. కుక్కుటేశ్వరరావు లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇవ్వగలిగింది అదొక్కటే.

ఆ రాత్రి చిట్టిరాజు ఇంటికి వెళ్లలేదు. సీడు రేపు వస్తుందని మాత్రం కబురు పంపాడు.

మర్నాడు అక్కడి పై అధికారి వచ్చి తాళం తీయించి చిన్న కంపెనీకి అప్పగిస్తే, మధ్యాహ్నం విమానంలో పెట్టెలన్నీ వచ్చాయి. "చూశారా రాజుగారూ, ఒక్కటీ నొక్కుకుపోలేదండి" అని కుక్కుటేశ్వరరావు సంబరపడబోయి, చిట్టిరాజు మొహం చూసి ఆగిపోయాడు. చిట్టిరాజు అప్పుడు మొదటిసారి మూత తీశాడు. సంచిలో నీళ్లు మజ్జిగతేటలా ఉన్నాయి. అడుగున బొంబాయి రవ్వలా తెల్లగా పేరుకుని ఉంది.

కొవ్వూరు వంతెన మీద సత్తిరాజు వ్యాను నెమ్మది చేశాడు. "గోదాట్లో పారేద్దామాండి? అమ్మగారు చూడటం దేనికండి?"

చిట్టిరాజుకీ అదే అనిపించింది. కాని పొలం ఆమెది. చూసే హక్కూ ఆమెదే. "బండి పోనీయ్" అన్నాడు.

సూర్యావతి చెరువు గట్టు మీదే ఉంది. మొదటి సంచి చేలు గలావిడ చేత్తో వదిలించడం అక్కడి ఆనవాయితీ. తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. కాపలాదారు పోతురాజు డబ్బా కర్రా పట్టుకుని, కొంగల్ని తోలడానికి తయారుగా ఉన్నాడు.

"సూర్యా," అన్నాడు చిట్టిరాజు. పెట్టె ఆమె ముందు దింపి మూత తీశాడు.

ఆమె లోపలికి చూసింది. తర్వాత వంగి సంచికి బొట్టు పెట్టింది.

"చచ్చిపోయాయి సూర్యా. అన్నీ."

"కనపడతందండి."

"మరి?"

"పెట్టెలో ఉంచేస్తామాండి? తెచ్చింది నీళ్లలో వదలడానికే కదాండి."

నీళ్లలోకి దిగి, సంచి మూతి విప్పి వదిలింది. పిల్ల తెల్లగా పరుచుకుని, అలకి గట్టు వైపు కొట్టుకొచ్చింది. ఎక్కణ్ణుంచి చూశాయో, కొంగలు వాలాయి. పోతురాజు అలవాటు కొద్దీ డబ్బా మోగిస్తూ పరిగెత్తాడు.

"ఎందుకు పోతురాజూ, తిననీ" అందామె. అతను డబ్బా దించి ఎటు చూడాలో తెలియక నేల చూశాడు.

"ఏవండీ, ఈ నీళ్లు తోడేసి, రెండు మూడు వానాకాలాలు వదిలేస్తే వరి పండుద్దాండి?"

చిట్టిరాజు అబద్ధం చెబుదామనే అనుకున్నాడు. నోరు రాలేదు. "పండదు సూర్యా."

ఆమె తలూపింది. చేతులకంటిన జిడ్డు కడుక్కోవడానికి వంగింది. చిన్నప్పుడు తండ్రితో ఆ చేలోకి వచ్చినప్పుడల్లా బోదె కాలవ నీళ్లు దోసిళ్లతో తాగేదట. ఆ అలవాటే చేతుల్లో ఉందో ఏమో, కడుక్కున్న చేత్తోనే పుడిసెడు నీళ్లు తీసి నోట్లో పోసుకుంది. మరుక్షణం ఉమ్మేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోకాల్లోతు ఉప్పునీళ్లలో నిలబడి, తండ్రి ఇచ్చిన చేను మధ్య ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే, చిట్టిరాజు గట్టు దిగబోయి, దిగి ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయాడు.