సగం బోర్డు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం దాన్ని దిగమింగుకున్నాను. తప్పు నాదే మరి.

ఉయ్యూరులోని మా స్కూల్లో ఆఖరి బెల్లుకు ముందు బోర్డును ఫొటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేది నేనే. పిల్లలు ఫోన్లో రాసే ముక్కల భాషతోనే పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద ఎడమవైపు వాళ్ల మెసేజ్, కుడివైపు అదే సంగతి పూర్తి ఉత్తరంగా. పిల్లల తలలు అడ్డొస్తున్నాయని దగ్గరికెళ్లి తీశాను. ఎడమ సగమే పడింది. చూసుకోకుండా పంపేశాను.

సాయంత్రానికి గ్రూపు భగ్గుమంది. "ఫోన్ భాష నేర్పడానికి స్కూలెందుకండీ?" అంటూ రుచిత వాళ్ల నాన్న వెంకటసుబ్బారావు గారు అంటించారు. ఎరువుల కొట్టు వదిలి ఏనాడూ మా గడప తొక్కని మనిషి, మర్నాడు పేరెంట్స్ మీటింగుకు పొద్దున్నే దిగారు.

"హెలెన్ గారూ, ఆయనకు సర్దిచెప్పలేకపోతే రాజీనామా ఇచ్చేయండమ్మా," అన్నారు స్కూలు నడిపే కరెస్పాండెంట్ గారు. ప్రభువా! మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

"ఏం మేడం, ఇదేనా చదువు?" వెంకటసుబ్బారావు గారు ఫోన్ నా ముఖం ముందు పెట్టారు.

"అది సగమేనండీ. మిగతా సగం మీ అమ్మాయి నోటుబుక్కులో ఉంది."

రుచితను పిలిపించాను. క్లాసులో 'ప్రెజెంట్' తప్ప పలకని పిల్ల. ఎడమ పేజీలో పోయిన నెల నాన్నకు పంపిన మెసేజ్, స్కూలుకి రమ్మని మూడే ముక్కలు. కుడి పేజీలోని ఉత్తరం ఇంగ్లీషులో చదివింది.

"తెలుగులో చెప్పమ్మా," అన్నారాయన.

"నాన్నా, నువ్వు నా స్కూలుకి ఒక్కసారీ రాలేదు. మార్కుల కోసం రమ్మనడంలేదు. నా బెంచీ ఎక్కడో నీకు చూపించాలని."

ఆయన ఫోన్లో వెతుక్కున్నారు. ఆ మెసేజ్ కింద ఆయన పెట్టిన బొటనవేలు బొమ్మ అలాగే ఉంది.

"కొట్లో బేరాల మధ్య చదవకుండానే నొక్కేశానమ్మా." గొంతు బాగా తగ్గింది. "ఏదీ, పద. చూపించు."

ఇద్దరూ వెళ్లారు. కరెస్పాండెంట్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇకనుంచి బోర్డు మొత్తం తీయండమ్మా," అన్నారు.

అమ్మయ్య, బతికాను! గబగబా క్లాసుకు నడిచాను. మూడో బెంచీలో కూతురి పక్కన ఇరుక్కుని కూర్చున్నారాయన. జేబులో ఫోన్ మోగుతున్నా తీయలేదు.